మత్తు డాక్టరు నవ్వలేదు

సర్జికల్ వార్డు, కిటికీ పక్క మంచం,
మార్చి 11, మంగళవారం.

చిరంజీవి చెల్లికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. ఉత్తరాల్లో ఈ మాట అందరూ అలవాటు కొద్దీ రాస్తారు, నేను మాత్రం ఆరుగురి చేత అవుననిపించుకుని రాస్తున్నాను. కవరు మీద నా దస్తూరి చూడగానే చించేస్తావని తెలుసు. అందుకే మీ వదిన చేతికిచ్చి, నువ్వు చదివేదాకా అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పి పంపుతున్నాను. తిట్టుకుంటూనైనా సరే, చివరిదాకా చదువు. నీ మోకాలి సంగతి ఇందులో ఉంది.

నా పెద్దపేగులో గడ్డ తీసి ఆరు రోజులైంది. అంతకు మూడు వారాల ముందు నన్నొక గదిలోకి పిలిచారు. పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఆరుగురు. సర్జను, మత్తు డాక్టరు, మందుల ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు, తిండి సంగతులు చూసే ఆవిడ, వార్డు సిస్టరు. ఒక్క కడుపు కోయడానికి ఇంత మందెందుకండీ అన్నాను. నా కంటికి కోయాల్సిన చోటే కనిపిస్తుంది, మిగతా మనిషిని వీళ్లు చూస్తారు అన్నాడు సర్జను. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి కదా, ఆ మాట నాకు ఇట్టే ఎక్కింది. రాసినవాడికి తన తప్పు ఎప్పుడూ కనబడదు.

ఫార్మసిస్టు నా మందుల సంచి బల్ల మీద గుమ్మరించి, నొప్పుల బిళ్లలు ఏరి పక్కన పెట్టేశాడు. వాటితో కోసినచోట రక్తం ఆగదట. ఫిజియోథెరపిస్టు పిల్ల ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చింది. గొట్టంతో గాలి లోపలికి పీలిస్తే అందులో మూడు బంతులు లేవాలి. నాకు ఒక్కటి, అదీ అయిష్టంగా లేచింది. ఈ వయసులో బంతులాటేమిటమ్మా అంటే, మీ సిగరెట్లు ఆడించిన ఆట ఇది, ఊపిరితిత్తులు తెరుచుకోకపోతే ఆపరేషన్ అయ్యాక నిమోనియా వస్తుంది అంది. నోరు మూసుకుని పీల్చాను. సిగరెట్లు ఆ రోజే మానేశాను. మీ వదిన ఇంకా నమ్మడం లేదు.

చివర్న మత్తు డాక్టరు అడిగింది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తేరుకోవడానికి చాలాసేపు పట్టిందా అని. నా నోటికి అదుపు లేదని నీకు తెలియంది కాదు. నీ కథ ఎత్తుకున్నాను. పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని అయిదు గంటలు కర్రలా పడుకుందనీ, లేచాక అన్నీ వినబడ్డాయి గానీ వేలు కూడా కదల్లేదని గొడవ చేసిందనీ, పక్కన ప్రూఫులు చూసుకుంటున్న నేను కామా, కామా, ఫుల్‌స్టాపు అని గొణుగుతుంటే విన్నానందనీ అభినయించి మరీ చెప్పాను. అయిదుగురూ నవ్వారు.

మత్తు డాక్టరు నవ్వలేదు. ఎన్ని గంటలు, మెషిన్‌తో ఊపిరి పట్టించారా, ఏ మందిచ్చారో కాగితం ఉందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. మీ చెల్లెలు మీతో నిజమే చెప్పిందేమో అంది. నాకు తల తీసేసినట్టయింది.

మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు కదలకుండా ఒక మందు వేస్తారట. మామూలు మనుషుల్లో అది పది నిమిషాల్లో విరిగిపోతుంది. కొన్ని కుటుంబాల్లో దాన్ని విరిచే పదార్థం రక్తంలో సరిగ్గా ఉండదు. మత్తు దిగి తెలివి వచ్చినా, ఒళ్లు మాత్రం గంటల తరబడి కదలదు. నీకు జరిగింది అదే అయి ఉంటుందట. నాకు రక్తపరీక్ష చేస్తే నాకూ అదే అని తేలింది. ఆ మందు మార్చారు. ఇది తెలియకుండా నా ఊపిరితిత్తులతో గంటలకొద్దీ మెషిన్ మీద ఉంటే ఏమయ్యేదో చెప్పలేమంది. నువ్వే నన్ను కాపాడావమ్మా. అదీ నేను నిన్ను వెక్కిరిస్తుండగా.

తెలివి రాగానే చూపుడువేలు కదిపి చూసుకున్నాను. కదిలింది. నువ్వు గుర్తొచ్చి ఏడ్చాను. సిస్టరు నొప్పనుకుని ఇంజెక్షను తెచ్చింది. మర్నాడే లేపి వరండా చివరిదాకా నడిపించారు. ఇప్పుడు మూడు బంతులూ లేస్తున్నాయి.

నిన్ను నాటకాలమ్మ అన్నాను. అందరూ భోజనాల దగ్గరుండగా కుర్చీలో బిర్రబిగుసుకుని నిన్ను అనుకరించాను. నువ్వు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నావు. పదకొండేళ్లుగా మన మాటలు మీ వదినే మోస్తోంది. తప్పు నాది. క్షమించమని అడుగుతున్నాను.

మోకాలి ఆపరేషన్ వద్దని మొండికేశావట. మెట్లు దిగలేక మేడ మీదే ఉండిపోతున్నావట. పిరికితనం అని నేనూ అన్నాను. మళ్లీ అలా పడి ఉండాలన్న భయమని ఇప్పుడు తెలిసింది. మత్తు డాక్టరు రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను. నువ్వూ రక్తపరీక్ష చేయించుకో, నీ కూతురికీ చేయించు. నీకు వేరే మందులున్నాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఈ కాగితం చూపించు. నాతో మాట్లాడకపోయినా సరే, మెట్లు దిగు.

నోరు అదుపులో పెట్టుకోవడం ఆలస్యంగా నేర్చుకుంటున్న
నీ అన్నయ్య

తా.క.: బల్ల దగ్గర చెప్పనిది ఒకటుంది. నేను మనసులోనే చదువుకుంటాను, గొణగను అని ఇరవై ఏళ్లుగా అందరితో వాదించాను. ఆ రోజు నీ మంచం పక్కన గొణుగుతూనే చదివాను. రెండో పేజీలో ఉండగా నీ మూసిన కంటి చివర్నుంచి నీళ్లు కారి చెవిలోకి దిగాయి. చూశాను. తువ్వాలు అంచుతో తుడిచాను. నీకు తెలివి ఉందేమో అనిపించింది. లేచి ఎవరినైనా పిలవాలి. పిలవలేదు. తలవంచుకుని మళ్లీ పేజీ అందుకున్నాను. నువ్వు లేచి చెప్పడం మొదలుపెట్టగానే, అది నాటకమని అందరికంటే ముందు అన్నది అందుకే. కామాలతో సహా, నువ్వు విన్నదంతా నిజం.