ఆయన పాడని గంట

శుక్రవారం, తిరువూరు

మా ఆయన మెడ మీది గడ్డ క్యాన్సరే అన్నారు గానీ, అది ఎక్కడ పుట్టి మెడకు చేరిందో నెలరోజులుగా ఏ డాక్టరుకూ దొరకలేదు. ఇవాళ విజయవాడలో పెట్ స్కాన్ చేశారు. చక్కెరలాంటి మందు నరంలోకి ఎక్కిస్తే, క్యాన్సర్ ఉన్నచోటు దాన్ని ఎక్కువగా లాక్కుని తెర మీద వెలుగుతుందట.

"గంటసేపు మాట్లాడొద్దండి సార్. గొంతు కదిలిస్తే గొంతే వెలుగుద్ది, అసలుది కనపడదు," అంది నర్సు.

ముప్పై ఏళ్లుగా చర్చిలో పాట ఎత్తే మనిషి ఆయన. పక్క కుర్చీలో ఒకామె ఏడుస్తుంటే చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టబోయారు. ఆ గది అద్దం ఇవతల నుంచి నేను వేలు పెదాల మీద పెట్టుకుని కళ్లెర్రజేశాను. ఆగిపోయారు. ఎప్పుడూ ఆమెన్ అనడమే తప్ప నోరు తెరవని నేను, ఆయన బదులు ఆమె కోసం ప్రార్థన చేశాను.

సాయంత్రం డాక్టరు తెర చూపించారు. నాలుక మొదట్లో పెసరగింజంత వెలుగు! ఇంతమంది లైటు వేసి వెతికినా కనపడనిదాన్ని, ఆ తీపి వెళ్లి పట్టేసింది.

"ముక్క తీసి చూశాక, గొంతంతా కాకుండా అక్కడికీ, మెడ గడ్డకీ మాత్రమే రేడియేషన్ కరెంటు పెట్టొచ్చమ్మా," అన్నారు.

మరి ఆయన పాట? అడగలేకపోయాను.

తిరువూరులో బస్సు దిగాక ఆయన మెల్లగా అన్నారు:

"అద్దం వెనక నీ పెదాలు కదలడం చూశాను. ఆదివారం పాట నువ్వెత్తు."