రాహేల్‌బాయి తలదగ్గరి సిలువ

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు వైపు నుంచి వచ్చి, ప్రస్తుతం దుబాయి కరామాలో మూడు గదుల వాటాలో ఒక గదిలో ఉంటున్న, కీర్తిశేషులు బొంతు అబ్రహాం భార్య బొంతు మాణిక్యం అనే నేను, వయసు యాభై ఎనిమిది, వృత్తి అరబ్బుల ఇళ్లలో వంట, నా సొంత చేతివ్రాతతో రాసిపెడుతున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించనూ లేదు. జబ్బు ఒంట్లో ఉంది గానీ మతిలో లేదు. శుక్రవారం సాయంత్రాలు చచ్చిపోయిన మనిషి చెప్పుల చప్పుడు నాకు వినిపిస్తుందని మా మరిది దేవదానం సంఘంలో నలుగురికీ చెప్పి, వదినకు పిచ్చెక్కిందని ప్రచారం చేస్తున్నాడు. వినిపించే మాట నిజం. పిచ్చి మాట అబద్ధం. ఈ రెండూ వేరని చదివేవారు గ్రహించాలి.

ఒకటి. ఊళ్లో నాలుగు సెంట్ల స్థలం, అందులోని పెంకుటిల్లు, నా మెడలోని గొలుసు నా కూతురు రాజ్యానికి సర్వహక్కులతో చెందవలెను. అమ్మా రాజ్యం, నా శవాన్ని పెట్టెలో పెట్టించి విమానంలో పంపమని పోరుపెట్టకు. నేను ఇక్కడే ఉండిపోతానని ఎందుకంటున్నానో ఆరో అంశంలో రాశాను, నిదానంగా చదువు. ఏడవొద్దని చెప్పను. ఏడుపొస్తే ఏడువు తల్లీ.

రెండు. నా టేప్‌రికార్డరు మా మరిది దేవదానానికి. రెండు పండగలకు ముందు పాటలు వినిపిస్తానని పట్టుకుపోయి తిరిగి తేలేదు కాబట్టి అప్పగించే శ్రమ ఎవరికీ లేదు. దానితోపాటు నా కొత్త దుప్పటి కూడా ఆయనకే. మా ఆయన పోయాక నన్ను ఈ దేశం తీసుకొచ్చి పని చూపించినవాడు ఆయనే, అది నేను మరిచిపోలేదు.

మూడు. నా చిన్న నల్ల దాక రాజ్యానికే. అందులో రొయ్యలు తప్ప ఏమీ వండలేదు. కారణం చెప్పాలి. ఈ వాటాలో అప్పట్లో ముగ్గురు ఆడవాళ్లం, గదికొకరం, ముగ్గురికీ ఒకటే వంటిల్లు. మధ్య గది వజీరాబీది. నిజామాబాద్ వైపు మనిషి, బడిలో ఆయా. చివరి గది రాహేల్‌బాయిది. బొంబాయి నుంచి వచ్చి ఆడవాళ్ల బట్టలు కుట్టేది. బాయి రొయ్య ముట్టదు, పొలుసు లేని చేప ముట్టదు, వేటమాంసం తిన్నపూట మజ్జిగ తాగదు. గోదావరి దాన్ని, నాకు రొయ్య లేకుండా ఎలా గడుస్తుంది? అందుకని వేరే దాక పెట్టుకున్నాను. దాన్ని తోమే పీచు కూడా వేరు. వజీరాబీ నవ్వేది, 'గా దాకకు ఒక గది ఇయ్యరాదే అక్కా' అని.

ఇక రాయవలసిన మాట రాస్తున్నాను. రాహేల్‌బాయి యూదురాలు. కొంకణ తీరాన తరతరాలుగా ఉన్న యూదులు వాళ్లు. మన బైబిల్లోని పేర్లే వాళ్లవీ. రాహేల్, తండ్రి శామ్యూల్ అనగానే మా సంఘమంతా మన మనిషే అనుకుంది, కాగితాల్లోనూ అలాగే పడింది. ఆమె అవునని ఎన్నడూ అనలేదు. కాదు, యూదురాలినని ఈ అరబ్బుల దేశంలో పైకి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆమె తమ్ముడి కొడుకు కూడా ఇక్కడే ఒక దుకాణంలో ఉండేవాడు. వజీరాబీకీ నాకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగు. నా దగ్గరున్న బాయి గాజు దీపం వజీరాబీకి చెందవలెను. ఇక్కడ ఆదివారం పనిరోజు, అందుకని మా ఆరాధన కూడా శుక్రవారమే. పొద్దున నేను గుడికి, మధ్యాహ్నం వజీరాబీ నమాజుకి, పొద్దుగూకే ముందు బాయి దీపానికి. గ్లాసులో సగం నీళ్లు, పైన కొబ్బరినూనె, అందులో ఒత్తి. వెలిగించాక మర్నాడు సాయంత్రందాకా ఆమె నిప్పు ముట్టదు, ఇంకొకరిని ముట్టించమని అడగదు. ఆ దీపం తనంతట తాను కొండెక్కాలి.

ఒక శుక్రవారం మా మరిది ప్రార్థనకు పిలవడానికి వచ్చి అది చూశాడు. మన ఊళ్లలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు మళ్లీ దీపారాధనలోకి జారిపోవడం చూసిన మనిషి, ఇదీ అదే అనుకున్నాడు. 'యేసు బిడ్డవయ్యుండి దీపాలు పెడతావేంటమ్మా' అని ఒక్క ఊదు ఊదేశాడు. పైగా ఆమె తల మీద చెయ్యి పెట్టి కళ్లనీళ్లతో ప్రార్థన చేసి వెళ్లాడు. బాయి చీకట్లో గోడవైపు తిరిగి కూర్చుంది. పెద్ద లైటు వేస్తానంటే వద్దని తల ఊపింది, తన కోసం వేయించుకోకూడదట. వజీరాబీ అగ్గిపెట్టె పట్టుకుని తిన్నగా లోపలికి పోయి, 'నా సూది కిందపడ్డది, నా కోసం ముట్టిస్తున్న, నీకేం గాదు బాయీ' అంటూ వెలిగించింది. వేరేవాళ్లు తమ అవసరానికి వెలిగించుకుంటే ఆ వెలుగులో బాయి కూర్చోవచ్చట. ఆ సంగతి వజీరాబీ ఎప్పుడు కనిపెట్టిందో నాకు తెలియదు. లేని సూదిని చాలాసేపు వెతికింది మహాతల్లి. అందుకే దీపం ఆమెకు. శుక్రవారం సూది పోగొట్టుకుంటూ ఉండు వజీరాబీ.

ఐదు. బాయి కుట్టుమిషను నా దగ్గరే ఉంది. బొంబాయిలో ఆమె తమ్ముడి కొడుక్కి పంపవలెను. బాయి గుండెజబ్బుతో ఆసుపత్రిలో పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని 'మత్ బోల్నా మాణిక్యం, లడకా ఇధర్ హై' అంది. పిల్లాడు ఇక్కడే ఉన్నాడు, వాడి బతుకు పాడవుతుందని, చచ్చాక కూడా చెప్పొద్దంది. వజీరాబీ, నేను కలిసి స్నానం చేయించాం. తెల్లగుడ్డ వజీరాబీ కుట్టింది. ఊరి బయట ఇసుకలో క్రైస్తవులకిచ్చిన శ్మశానంలో పాతిపెట్టారు. అప్పుడు మా మరిది రాస్ అల్ ఖైమాలో పనిచేసేచోట సొంత చేతులతో సిమెంటు సిలువ పోతపోసి, లారీలో తెచ్చి ఆమె తలదగ్గర నాటాడు. 'రాహేల్ శామ్యూల్, ప్రభువునందు నిద్రించెను' అని దాని మీద రాయించాడు. ఎంత ప్రేమగా చేశాడో చూశాను కాబట్టి తిట్టలేను. ఇంటి పేరు అందులో లేదు. గోడవైపు తిరిగి కూర్చున్న ఆ మనిషే నా కళ్ల ముందు మెదిలింది.

అప్పటినుంచి వస్తోంది. శుక్రవారం పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యాక చివరి గదిలోంచి రబ్బరు చెప్పులు, ఎడమకాలు ఈడ్చుకుంటూ. పొయ్యి దగ్గరదాకా వచ్చి ఆగిపోతుంది. కొబ్బరినూనె వాసన. ఏమీ అడగదు. వజీరాబీ తల మీద కొంగు కప్పుకుని 'వచ్చిందక్కా' అంటుంది. నాకు భయం లేదని అబద్ధం రాయను. భయమే. అయినా ఆ చప్పుడు రాని శుక్రవారం ఇంకా భయం. ఏం కావాలి బాయీ అని అడిగి అడిగి, చివరికి నాకే అర్థమైంది. నిద్ర పట్టడంలేదు ఆమెకు, అంతే.

ఆరు. పోయిన నెల ఆ పిల్లాడు దుబాయి ఖలాస్ చేసుకుని బొంబాయి వెళ్లిపోయాడు. ఇక దాచనక్కర్లేదు. నేను పోయాక నన్ను ఆమె పక్కనే పాతిపెట్టవలెను. నాకు చేయించే రాతిపలకను ఆమె తలదగ్గర పెట్టి, దాని మీద 'రాహేల్‌బాయి శామ్యూల్ నౌగావ్‌కర్' అని మాత్రమే చెక్కించవలెను. ఏ గుర్తూ వద్దు. ఈ అంశం అమలు బాధ్యత రాజ్యానిదీ, వజీరాబీదీ. చెయ్యవలసినవాడు మాత్రం దేవదానం.

దేవదానం, నాయనా, సిలువ పీకడం పాపమని నువ్వు వణికిపోతావు. నేనూ నీలాగే ఆ సిలువనే నమ్ముకున్నదాన్ని. దాన్ని పారెయ్యమనడంలేదు, పగలగొట్టమనడంలేదు. అక్కడ తీసి నా తలదగ్గర నాటు. దాని మీది పేరు చెరపకు, నా పేరు రాయకు. ఐదేళ్లుగా ఆమె మన గుర్తు కింద పడుకుంది. నేను ఆమె పేరు కింద పడుకోలేనా?

దుబాయి, కరామా. 1985 నవంబరు 15, శుక్రవారం, పొద్దుగూకే వేళ.

(సంతకం) బొంతు మాణిక్యం

సాక్షి: పేరిచర్ల వెంకటరాజు, కొలువు కరామాలోనే. పైన రాసినదంతా చదివి వినిపించగా విన్నాను. నా ఎదుటనే సంతకం చేశారు.

సాక్షి: గుండేటి హన్మంతు, కొలువు సజ్జా కూలీల క్యాంపులో, సొంత జిల్లా కరీంనగర్. నేను సుత విన్న. అమ్మ సంతకం పెట్టంగ వంటింట్ల చెప్పుల సప్పుడైంది. గది సుత విన్న.