పందిరి కింద నీళ్ల గుంట

తమ్ముడు మురళికి,

శాలిబండ నుంచి అన్న రాస్తున్న. ఫోన్ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, అందుకే ఈ కాయితం.

నీ బిడ్డ అమల పెండ్లిపందిరి ఇంటి పెద్దోని వాకిట్లనే ఎయ్యాలె, అది మన రివాజు. నేను కాదనలే. కాని పందిరి కోసం నీళ్ల గుంట పూడ్చమంటవేంది? బర్రెలు పోయినంక వాకిలి బోసిపోతే, జామచెట్టు పక్కన నా చేతులతోని తవ్విన. పిచ్చుకలు, తూనీగలు వచ్చినయి. వానలు పడంగనే కప్పలు గుడ్లు పెట్టినయి, ఇప్పుడు నీళ్ల నిండ పిల్లలే. వాటి మీద మట్టి పొయ్యనంటే పొయ్య.

గుంజలు గుంట చుట్టు పాతుతా. పీటలు పక్కకు ఏస్తం. మగపెండ్లివారు నవ్వితే నన్ను చూసి నవ్వమను. కప్పల లొల్లి ఎక్కువైతే బ్యాండోళ్లను ఇంకింత గట్టిగ వాయించుమను.

నీ అన్న