ఎరుపు వస్తుందో లేదో

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చర్చి నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్లాను.

ఫాస్ఫేటు తగులుకున్న ఎంజైమును మాత్రమే పట్టుకోవాల్సిన ఒక యాంటీబాడీతో నెలల తరబడి పని చేశాను. ప్రతిసారీ అది పట్టుకున్న గుర్తుగా ఫిల్ము మీద నల్లటి గీత చక్కగా వచ్చేది. "హోయే గేఛే, అయిపోయింది! ఇక పేపర్ పంపేద్దాం" అంది ల్యాబ్‌లో సీనియర్ అయిన బెంగాలీ దీదీ.

నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు నీకు క్యారేజీ తెచ్చిన రోజు, బాగుచేసిన రైలు సిగ్నల్ పచ్చగా వెలుగుతున్నా నువ్వు అన్నానికి లేవలేదు. సిగ్నల్‌కి బండి నిలబడ్డట్టు అనిపించేలా రెండు పట్టాలనూ కలుపుతూ అడ్డంగా తీగ వేశావు. "పచ్చ వచ్చినాదని మురిసిపోకమ్మా. ఎరుపు వస్తాదో లేదో సూడాల" అన్నావు.

అందుకే ఫాస్ఫేటు తీసేసిన కణాల మీదా పరీక్షించాను. గీత పోలేదు! ఆ యాంటీబాడీ ఫాస్ఫేటు ఉన్నా లేకున్నా పట్టేస్తోంది. పేపర్ ఆపి, వేరేది తెప్పించాం.

ఇవాళ దానితో చూశాను. ఫాస్ఫేటు ఉన్నచోట గీత వచ్చింది, తీసేసినచోట ఏమీ లేదు.

ఏ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నామో మా నోట్‌బుక్‌లో రాయాలి. "మా నాన్న, సిగ్నల్ మెయింటైనర్" అని రాశాను. దీదీ చదివింది. కొట్టెయ్యమనలేదు. కింద సంతకం పెట్టింది.