గోదావరి దారి మార్చినా మన లంక మనదే

పూజ్యులైన అన్నయ్యగారికి,

చెన్నపట్నం నుంచి మీ తమ్ముడు సుబ్బారాయుడు నమస్కారాలతో రాస్తున్నాను. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నాన్నగారు, వదినగారు, పిల్లలు అంతా బాగున్నారా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి గట్టిగా చెప్పండి.

మీ ఉత్తరం నిన్న అందింది. మొన్నటి వరదకి ఒక్క రాత్రిలో గోదావరి పాయ మన వైపుకి తిరిగి, మన పొగాకు లంక అవతలి గట్టుకి అతుక్కుపోయిందన్నారు. అవతలి ఊరి వెంకన్న మనకంటే ముందు నాగలి దింపి నారు నాటేశాడన్నారు. పౌర్ణమి వెళ్లగానే మనుషుల్ని పోగేసి, కర్రలతో వెళ్లి ఆ నారు పీకేస్తానన్నారు. అది చదివి నేను గంతేశానండీ! కోప్పడకండి, సంగతి వినండి.

సరిగ్గా ఈ వారమే మా లా క్లాసులో ఈ పాఠం చెప్పారు! నది ఏళ్ల తరబడి ఒండ్రు తెచ్చి కొద్దికొద్దిగా గట్టుకి చేరిస్తే, ఆ చేరిన నేల గట్టువాడిది. అలాకాక ఒక్క వరదలో దారి మార్చి, గుర్తుపట్టేలా ఉన్న నేలని అవతలికి వదిలేస్తే, అది పాత యజమానిదే. మన లంక మీద తాడిచెట్లు చెక్కుచెదరలేదని మీరే రాశారుగా! ఇంతకంటే గుర్తేం కావాలి? ముందు నాగలి దింపినవాడిదే లంక అని మనమంతా అనుకుంటాం. ఆ మాట ఏ చట్టంలోనూ లేదండీ!

ఇవాళ క్లాసు అవగానే మేష్టారి వెంట పరుగెత్తి మీ ఉత్తరం సంగతంతా చెప్పాను. ఆయన కాకినాడవారు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా బయట మన మాటే.

“మేష్టారూ, ఆ లంక మాదేనండి!” అన్నాను.

“సంతోషం. ఇప్పుడు నువ్వు వెంకన్న వకీలువి. వాదించు,” అన్నారు.

“అదేంటండీ! ఆయన మా ప్రతివాది గదండీ!”

“అవతలివాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. లా చదివేవాడికి అదే ఓనమాలు. ఊఁ, కానీ.”

తిట్టుకోకండి అన్నయ్యా, మీరు అన్నంతా చేసేసినట్టే అనుకుని వెంకన్న నోటితో వాదించాను. “నేల ఎవరిదన్నది తరవాత తేల్చండి. సాగులో ఉన్నది నేను. నామీదికి కర్రలతో వచ్చి నారు పీకేశారు. ముందు నన్ను మళ్లీ ఆ నేలమీద నిలబెట్టండి,” అన్నాను.

మేష్టారు పకపకా నవ్వి, “నెగ్గావయ్యా! మీ అన్నయ్య ఓడిపోయాడు,” అన్నారు.

తరవాత ఆయనే విడమర్చి చెప్పారు. నేల మీద హక్కు ఉండటం వేరట, నేల స్వాధీనంలో ఉండటం వేరట. హక్కున్నవాడు కూడా కోర్టు ద్వారా వెళ్లాలి తప్ప బలవంతంగా వెళ్లగొట్టకూడదు. మీరు కర్ర పట్టుకెళ్తే కోర్టువారు ముందు వెంకన్ననే నిలబెడతారు, మీరు కొట్లాట నేరం కింద ఫౌజుదారీ కేసులో ఇరుక్కుంటారు. గెలిచే దావాని చేతులారా పాడుచేసుకోవద్దండీ! పాయ తిరగడం చూసిన పడవవాళ్లతో, కరణంగారితో మాట్లాడి ఉంచండి. రాజమండ్రిలో మంచి వకీలుని పెట్టి దావా వేయించండి. దావా వేసేముందు వెంకన్నని పిలిచి ఒక్కసారి మాట్లాడండి. అతనూ పాపం మనలాగే నాగలి మాటే నమ్మి ఉంటాడు.

ఇక్కడ ఒకటే వానలు. ఉప్పుగాలికి గదంతా చెమ్మ. పూటకూళ్లింట్లో రోజూ పులుసే. వంకాయ కూర చేస్తారు గానీ అందులో వంకాయ రుచి ఉండదు. సాయంత్రం సముద్రం ఒడ్డున ఎవరైనా తెలుగు మాట్లాడితే కాసేపు వాళ్ల వెనకాలే నడుస్తాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక దుప్పటి, కాస్త మామిడితాండ్ర పంపించండి. ఒంటికి మాత్రం ఏమీ లేదు, బాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం పౌర్ణమికి ముందే చేరాలని నేనే తపాలా ఆఫీసుకి వెళ్లి వేస్తున్నాను. అమ్మానాన్నలకి, వదినగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

ఇంకొక్క మాట. ఏ లంక కోసం కొట్లాడి నాన్నగారి కుడిచెయ్యి పడిపోయిందో, ఆ పాత లంక కూడా ఇలాగే ఒక్క వరదలో అవతలికి పోయిందని అమ్మ చెప్పేది. పాఠం మళ్లీ చదివి చూశాను. అదీ మనదేనండీ. కర్ర ఎత్తకుండానే దక్కేది. ఉత్తరమంతా నాన్నగారికి చదివి వినిపించండి. ఈ ముక్క మాత్రం వద్దు.

మీ దీవెనలే కొండంత అండగా ఉన్న తమ్ముడు,
సుబ్బారాయుడు