తల్లిపేరు అడిగిన ప్రార్థన

మా రూతక్కకు,

పరదేశంలోని ఈ క్రాంజీ నుంచి నీ తమ్ముడు యాకోబు ముందుగా షాలోమ్ చెప్పి రాస్తున్న సంగతులు. నువ్వూ బావా పిల్లలూ దేవుడి దయవల్ల చల్లగా ఉన్నారనుకుంటున్నాను. బావ మోకాలు ఎలా ఉంది? ఇంకా ఆ నొప్పి వంకతోనే పొలం పని తప్పించుకుంటున్నాడా? నేను బాగానే ఉన్నాను.

ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వకు. ఫోనులో నా గొంతును మన ఇంట్లో ఎవరూ నమ్మరు. పోయినేడు తహసీల్దారు గొంతు పెట్టి బావను చెప్పులు లేకుండా ఆఫీసుకు పరిగెత్తించింది నేనే కదా. అందుకే చేత్తో రాసి వెంకటేశ్వర్లుతో పంపిస్తున్నాను. వీడు నాతోపాటు మొక్కల తోటలో పనిచేసే తెనాలివాడు, సెలవు మీద వస్తున్నాడు. గురువారం నీ చేతికి ఇస్తాడు, అన్నం పెట్టి పంపు. మనం యూదులమని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కదు. ఏటా క్రిస్మస్‌కి నన్ను కేకు అడుగుతాడు. నువ్వైనా చెప్పి చూడు.

ఇక్కడ పని ఎప్పటిలాగే. కుండీలకు మట్టి కలపడం, నీళ్ళు పెట్టడం, లారీకి ఎక్కించడం. మధ్యాహ్నమయ్యేసరికి వాన. గంటసేపు దంచి, ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. మన పెద్ద మేనత్త చావింట్లో ఏడ్చి వెంటనే విస్తరి ముందు కూర్చున్నట్టు. తిండికి లోటు లేదు. తిండికొట్లన్నీ ఒకచోటుండే హాకర్ సెంటర్లో దేంట్లో పంది మాంసం పడిందో తెలియదు గనుక పెరుగన్నమే తింటున్నాను. దానికి సన్నబడలేదు, కంగారుపడకు. ఈ మూడు వారాల్లోనే కొంచెం సన్నబడ్డాను.

ఇక దాచను. గొంతులో కాయ ఉంది. రెండు నెలలుగా బొంగురుపోతుంటే ఎరువుల దుమ్మనుకున్నాను. ముక్కులోంచి గొట్టం దింపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చింది రమ్మని ఆసుపత్రి అమ్మాయి ఫోను చేస్తే, నిజంగా ఆసుపత్రేనా అని రెండుసార్లు అడిగాను. కాయ చెడ్డదే. కానీ తొందరగా బయటపడిందట. వచ్చే మంగళవారం ఆపరేషన్. బతుకుతావని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. మాట మాత్రం మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేనంది. కంగారుపడకు, మళ్ళీ చెబుతున్నాను.

శనివారాలు ఇక్కడి సమాజమందిరానికి వెళుతున్నాను. సబ్బాతు నాడు బండెక్కకూడదు, నడిచే రావాలంటారు. క్రాంజీ నుంచి నడిస్తే ప్రార్థన అయిపోయి అందరూ ఇళ్ళకు పోయాక చేరతాను. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని రైలెక్కుతున్నాను. అక్కడ ఎలియాస్ అంకుల్ అని ఎనభై దాటిన పెద్దాయన ఉన్నాడు. వాళ్ళ తాతలు బాగ్దాదు నుంచి వచ్చారట. నా గొంతు సంగతి చెబితే, జబ్బుచేసినవాళ్ళ కోసం చదివే ప్రార్థనలో నా పేరు చేరుస్తానన్నాడు. మనూళ్ళో తండ్రిపేరు చెబుతాం కదా, ఆ ప్రార్థనకు తల్లిపేరు కావాలట.

“తల్లిపేరే ఎందుకంకుల్?” అన్నాను.

“నాన్న ఎవరన్నది ఒకరు చెబితే నమ్మాలి. అమ్మ దగ్గర ఆ అనుమానం లేదు. చెప్పు, మీ అమ్మ పేరేంటి?”

నా నోట అమ్మ పేరు రాలేదక్కా. రూతు అని చెప్పాను.

మూడు శనివారాలుగా ఇక్కడ “రూతు కొడుకు యాకోబు” అని చదువుతున్నారు. నాలుగేళ్ళు పెద్దదానివి, ఎలా కన్నావో నన్ను. నవ్వాలనుకుంటే ఇక్కడే నవ్వుకో. కింద రాసింది చదివాక నీకు నవ్వు రాదు.

అమ్మ రొమ్ములో గడ్డకు గుంటూరులో పరీక్ష చేయించాం కదా. “ఉత్త కొవ్వుగడ్డే పెద్దమ్మా, హాయిగా ఉండు” అని డాక్టరు ఫోను చేశాడని అమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ ఫోను చేసింది నేను. నాలుగు రోజులుగా తిండి మానేసి ప్రార్థనలో కూర్చుంది, ఒక పూట నవ్విద్దామనుకున్నాను. సాయంత్రం వచ్చి అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాను. వచ్చేసరికి సబ్బాతు దీపాలు వెలిగించి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని, “విన్నావయ్యా, నా మొర విన్నావు” అని ఏడుస్తోంది. దేవుడు చెప్పాల్సిన జవాబు నేను చెప్పాను. పక్కన నిలబడి నేనూ ఆమేన్ అన్నాను.

తర్వాతి వారం అసలు డాక్టరే ఫోను చేశాడు. ఆ మాట అమ్మే నాకు చెప్పింది, బియ్యం చెరుగుతూ.

“ఒరే, నిన్న డాక్టరు గొంతు పెట్టింది నువ్వే కదూ? కాన్సరంటావా, వెంటనే రావాలంటావా? ఆయన నోటితో ఆయన చెప్పాక నీ మాట నమ్ముతాన్రా? ఠక్కున పెట్టేశా.”

అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఐదు నెలలు పోగొట్టాను. అప్పటికి గడ్డ చంకలోకి పాకింది, అమ్మ మనకు దక్కలేదు. సరిగ్గా చెప్పలేదని ఆ డాక్టరును నువ్వు ఈరోజుకీ తిడుతున్నావు. ఆయన తప్పేమీ లేదక్కా.

ఈ మందిరంలో ఆడవాళ్ళు పైన బాల్కనీలో కూర్చుంటారు. అయినా అంకుల్ “రూతు కొడుకు” అనగానే సరిగ్గా నా వెనక బెంచీలో నవ్వు వినిపిస్తుంది. చేట చప్పుడు కూడా వినిపిస్తుంది. మొదటి రెండు వారాలు తిరిగి చూశాను, ఖాళీ. పోయిన శనివారం తిరగడానికి ధైర్యం చాల్లేదు.

బయటికొచ్చాక అంకుల్‌కి మొత్తం చెప్పేశాను. “చూశారా, దేవుడు గొంతు చూసి మరీ కొట్టాడు” అన్నాను.

“అప్పుడు డాక్టరు తరఫున మాట్లాడావు. ఇప్పుడు దేవుడి తరఫున కూడా నువ్వేనా? ఎవరిని ఎందుకు కొట్టాడో ఆయన నాకు ఎనభై ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. నీకెప్పుడు చెప్పాడు?”

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

“ఆయన్ని నమ్ముకుని కత్తి కింద పడుకునేవాడివి, కన్నతల్లి పేరుతో పడుకో. ముందు మీ అక్కని అడుగు. ఆ తల్లి నీ ఒక్కడికే తల్లి కాదు కదా.”

అడుగుతున్నానక్కా. దేవుణ్ణి నమ్ముతున్నాను, ఎన్ని వేషాలు వేసినా అది మాత్రం వేషం కాదు. బతికించినా, మాట తీసుకున్నా ఆయన ఇష్టం. ఆయన ముందు అమ్మ పేరు పలకాలంటే మాత్రం నువ్వు సరే అనాలి. సబ్బాతులో కలం పట్టకూడదు గనుక అంకుల్ పేర్ల చీటీ శుక్రవారమే రాసుకుంటాడు. ఇక్కడ పొద్దు వాలేలోపు ఫోను చెయ్యి. సరే అంటే లేయమ్మ కొడుకు యాకోబు అని రాయిస్తాను. వద్దంటే నీ కొడుకుగానే పోతాను, దానికీ నేను తగను. తిట్టడానికి చేసినా చెయ్యి.

బావకూ, మన మందిరంలో పెద్దలకూ నా షాలోమ్ చెప్పు. పిల్లలకు ముద్దులు. వెంకటేశ్వర్లుతో గోంగూర పచ్చడి పంపకు, మింగుడుపడదు. నీ దీవెన అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

ఫోనులో గొంతు నాది కానట్టు ఉంటుంది. పెట్టెయ్యకు. ఇప్పుడు అదే నా గొంతు.

ఇట్లు,
నీ తమ్ముడు
యాకోబు