చాప కింద పెద్దమనుషులు

సువా,
శుక్రవారం.

పెదనాన్నకి,

సెఫీనా తలోఫా అని నమస్కరిస్తోంది. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

లా డిగ్రీ అయిపోయాక సముద్రం దాటి మళ్ళీ ఈ పై చదువెందుకని అడిగారు కదా. డిగ్రీలో చట్టం ఏం చెబుతుందో నేర్పారు. ఇక్కడ కోర్టులో ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి, సాక్షిని ఏమడగాలి, అవన్నీ నేర్పుతున్నారు. కూర్చోవడం ఒక్కటే నాకు బాగా వచ్చింది.

నిన్న నా మొదటి కేసు. ఓడిపోయాను. నా కక్షిదారు పెనిటోవా. మన దీవివాడే, కొండకి అవతలున్న సలెఆగా ఊరబ్బాయి. ఊరి పాస్టరు గారి నల్ల పందిని ఎత్తుకెళ్ళి కాల్చుకు తిన్నాడని నేరం. సాక్షి జుట్టు నెరిసిన పెద్దాయన. ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగి అబద్ధమని తేల్చాలి. మీరు పెంచిన పిల్లని, అంత పెద్దాయనకి ఎదురు ప్రశ్నలెలా వేస్తాను? "తాతగారూ, ఒంట్లో బాగుంటోందా?" అని అడిగి కూర్చున్నాను. బాగానే ఉందన్నారు. పెనిటోవాకి మూడు నెలల జైలు పడింది.

త్వరలోనే ఇంకో కేసు. అందులోనూ ఇలాగే నోరు పెగలకపోతే డిప్లొమా ఇవ్వరు. అది లేకపోతే మన రాజధాని ఆపియాలో నన్ను కోర్టు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. దిగులుగా ఉంది.

మీ
సెఫీనా

తా.క.: శిక్ష పడ్డాక పెనిటోవాయే నన్ను ఓదార్చి క్యాంటీన్లో టీ ఇప్పించాడు. మంచివాడు.

*

వైలోలో,
ఆదివారం, ప్రార్థన అయ్యాక.

అమ్మడూ సెఫీనా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ముందు ఆయన నన్ను చూడాలి.

నీ ఉత్తరం పెద్దల సభలో నిలబడి గట్టిగా చదివాను. "మొదటి కేసు" అనే మాట దాకా గొంతు ఖంగుమంది. ఆ తర్వాత సభలో అందరూ పానీయం తాగే కొబ్బరి చిప్పల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఈ ఊరి తరఫున ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్నవాణ్ణి. చేతికర్ర పట్టుకుని లేచానంటే అవతలి ఊరివాళ్ళు సర్దుకు కూర్చుంటారు. అలాంటి ఇంటి పిల్లవి, ఒక తల్లి కన్న బిడ్డ జైలుకి పోతుంటే, సాక్షి ఆరోగ్యం వాకబు చేసొచ్చావా?

జరిగిందేదో జరిగింది. తప్పు మన ఇంటిది. నేను సలెఆగా వెళ్ళి ఇఫోగా కూర్చుంటాను. మీ నాన్నమ్మ అల్లిన సన్నచాప తల మీద కప్పుకుని, తెల్లారేసరికి వాళ్ళ గుమ్మం ముందు ఉంటాను. ఇంటి పెద్ద వచ్చి చాప ఎత్తితే మనల్ని క్షమించినట్టు. ఎత్తకపోతే రాయి పడుతుందో కత్తి పడుతుందో, అది వాళ్ళ కడుపుమంటని బట్టి ఉంటుంది.

"ఏం జరిగిందో పూర్తిగా కనుక్కుని వెళ్ళొచ్చుగా" అంటోంది మీ పెద్దమ్మ. కనుక్కునేదాకా పరువు ఆగుతుందా? వారం తిరగకుండా బయల్దేరుతున్నాను.

నీ పెదనాన్న
ఇయోసెఫో

తా.క.: అక్కడ జైల్లో క్యాంటీన్ కూడా ఉందని తెలిసి కాస్త మనసు కుదుటపడింది. టీలోకి ఏమైనా పెడతారా?

*

సువా,
గురువారం.

పెదనాన్నా,

వెళ్ళకండి! చాప ఎక్కడుందో అక్కడే పెట్టేయండి!

అది ఉత్తుత్తి కోర్టు. మా తరగతి గదిలో బల్లలు జరిపి పెట్టుకున్న కోర్టు. జడ్జి మా మాస్టారు. సాక్షి మా గ్రంథాలయం చూసుకునే పెద్దాయన. పెనిటోవా నాతోపాటు చదువుకుంటున్నాడు. జైలూ లేదు, శిక్షా లేదు. సొంత ఊళ్ళో జరగగలిగే నేరమొకటి రాసుకు రమ్మని మాస్టారు చెబితే, ఆ పంది కథ పెనిటోవాయే రాసుకొచ్చాడు. ఇదంతా మీకు తెలుసనుకుని రాయలేదు. తప్పు నాదే.

సెఫీనా

తా.క.: ఈ ఉత్తరం మీకంటే ముందు నడవాలని స్టాంపు ఒకటి ఎక్కువ అంటించాను.

*

సువా,
మరుసటి బుధవారం.

పెదనాన్నా,

స్టాంపు పని చేయలేదని తెలిసిపోయింది.

మీరు గుమ్మం ముందు కూర్చునేసరికి పెనిటోవా వాళ్ళ నాన్న ఆపియాలో ఉన్నారట. చాప ఎత్తే అధికారం తనకి లేదని వాళ్ళమ్మ మిమ్మల్ని ఎండలో అలాగే ఉంచి, పోస్టాఫీసుకి పరిగెత్తిందట. నేరుగా సువా జైలుకి ఫోను చేసింది. "మా వాడికి దుంప సరిగా ఉడికించి పెడుతున్నారా?" అని అడిగింది. ఆ పేరుగలవాడు మా దగ్గర లేడన్నారు. పారిపోయాడనుకుని ఆవిడ గుండెలు బాదుకుంది.

తర్వాత మా హాస్టలుకి చేసింది. పెనిటోవా ఫోనందుకుని, ఆవిడ ఇదంతా చెప్పడం విని, "అమ్మా, నేను జైల్లో" అన్నాడు. "లేను" అనేలోపు లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. వాడు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

ఈ గొడవల మధ్యే ఈ ఉదయం నా రెండో కేసు. మళ్ళీ నల్ల పందే, మళ్ళీ ఆ పెద్దాయనే సాక్షి. తెల్లవారుజామున దొంగని కళ్ళారా చూశానన్నారు. ఆయన్ని చూస్తే చాప కింద మీరే కనిపించారు. ఒళ్ళు మండిపోయింది. "చూశారా, ఎవరో చెబితే విన్నారా? చీకట్లో పంది నల్లదని ఎలా తెలిసింది? ఒక్కమాట, పూర్తిగా కనుక్కోకుండా ఎందుకు బయల్దేరారు?" అని గది అదిరిపోయేలా అడిగాను. ఆ చివరి ప్రశ్న కేసుకి సంబంధం లేదు. అయినా ఆయన తడబడ్డారు. గెలిచాను. డిప్లొమా వస్తుంది.

మీరు క్షేమమేనా? రాయి ఏదీ పడలేదు కదా? ఒక్క ముక్క రాయండి. ఏడుపొస్తోంది.

సెఫీనా

తా.క.: సాక్షికి తర్వాత క్షమాపణ చెప్పాను. మామూలుగా, చాప లేకుండా.

*

వైలోలో,
సోమవారం.

బంగారు తల్లీ,

నేను క్షేమం. మెడ ఒక్కటే కాస్త పట్టేసింది. నీ ఉత్తరాలు రెండూ ఇంటికొచ్చాకే అందాయి. గెలిచావని ఊరంతా చెప్పాను. ఎవరి మీద కోపంతో గెలిచావో చెప్పలేదు.

ఇక విను. మూడోపూట ఓడ దిగి పెనిటోవా తండ్రి టౌలాగి వచ్చాడు. అడుగుల చప్పుడు విని నేను చాప కిందనుంచే మొదలుపెట్టాను. "అయ్యా, పాస్టరు గారి నల్ల పందిని తిన్న నేరానికి మీ అబ్బాయి జైలుకెళ్ళాడు. మా పిల్ల కాపాడలేకపోయింది. క్షమించండి" అన్నాను. కత్తి కోసం మెడ సిద్ధం చేసుకున్నాను. చాప ఓ పక్క లేచింది. టౌలాగి వంగి లోపలికి దూరాడు!

"కాస్త జరగండి" అన్నాడు. చూస్తే కళ్ళనిండా నీళ్ళు. "ఆ పందిని తిన్నది నేనండీ. నా దుంపల తోటంతా పాడుచేసిందన్న కసితో కాల్చేశాను. మావాడప్పుడు చిన్నవాడు, చూశాడు. ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు నాకోసం జైలుకి కూడా పోయాడా నా తండ్రి!" అని భోరుమన్నాడు.

ఊరంతా పోగైంది. చాప కింద ఇద్దరు పెద్దమనుషులు. ఎవరు ఎవరికి క్షమాపణ చెబుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. పాస్టరు గారికి కబురెళ్ళింది. ఆయన వచ్చి, బైబిలు పక్కన పెట్టి, తానూ లోపలికొచ్చారు. చాప ఇద్దరికే ఇరుకు.

"టౌలాగీ, ఏడవకు. ఆ పంది నాది కాదు. కొండ దిగి వచ్చేసింది. ఎవరిదో అడగాల్సింది. అడగలేదు, కట్టేసుకున్నాను" అన్నారు మెల్లగా.

"ఎలా ఉండేది?" అన్నాను, ఊరికే మాట కలుపుదామని.

"ఎడమ చెవి కొస గాలంలా కోసి ఉండేది."

అమ్మడూ, పందుల చెవి అలా కోసేది ఈ దీవిలో మన ఇల్లొక్కటే.

నేను లేచి చాప బయటికొచ్చాను. ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్నవాణ్ణి, చేతికర్ర కోసం వెతుక్కున్నాను. వాళ్ళిద్దరూ లోపలే తలలు వంచుకుని నాకోసం ఎదురుచూస్తున్నారు. చాప ఎత్తాల్సినవాణ్ణి నేనేనని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎత్తాను. ముగ్గురం కావలించుకున్నాం. పాస్టరు గారు ఉన్నవాటిలో పెద్ద పందిని కోయించారు. ఈసారి ఎవరిదో ముందే అడిగాను.

నిన్న నీ ఉత్తరం పట్టుకుని మళ్ళీ వెళ్ళి, అబ్బాయి జైల్లో లేడని పెనిటోవా తల్లికి చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, ఆ తర్వాత చీపురు అందుకుంది. మంచి ఇల్లాలు. గురి కూడా మంచిది.

నీ పెదనాన్న
ఇయోసెఫో

తా.క.: పెనిటోవాతో నేను చెప్పానని చెప్పు. వచ్చేసారి మాస్టారు కేసు రాసుకు రమ్మంటే, పోయిన వానల్లో మన రేవులోంచి మాయమైన పడవ గురించి రాయమను. చాప ఇంకా బయటే ఉంచాను.